భూసేకరణ నోటీసు వచ్చినప్పుడు: శిబిరంలో నిరసన, కాగితం మీద అభ్యంతరం

పొలాల్లో హద్దురాళ్లు పాతడానికి సర్వే బృందం వచ్చిందన్న కబురు అందగానే ఊరంతా టెంటు వేసి దీక్షకు కూర్చోవడం మన ప్రాంతాల్లో తరచూ చూస్తున్నదే. అలా కూర్చోవడం అవసరం, శాంతియుతంగా ఉన్నంత వరకు అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కూడా. అయితే శిబిరంలో రోజులు గడుస్తుండగానే కలెక్టరు కార్యాలయంలో అభ్యంతరాల గడువు ముగిసిపోతుంది, రైతు ఆ సంగతి అవార్డు, అంటే పరిహారాన్ని తేల్చే కలెక్టరు ఉత్తర్వు, చేతికి వచ్చాక గాని గ్రహించడు. అందుకే నోటీసు అందిన మొదటి వారంలోనే కాగితం పని మొదలుపెట్టాలి.

ముందుగా ఏ చట్టం కింద భూమి తీసుకుంటున్నారో చూడండి. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. జాతీయ రహదారి కోసం 1956 జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ వస్తే 21 రోజులే. ఈ లెక్క ప్రకటన వెలువడిన నాటి నుంచి మొదలవుతుంది గాని కాగితం మీ చేతికి వచ్చిన నాటి నుంచి కాదు. గెజిట్‌లో, పత్రికల్లో, పంచాయతీ కార్యాలయంలో వేర్వేరు తేదీల్లో ప్రకటిస్తారు కాబట్టి వాటిలో అన్నిటికంటే ముందున్న తేదీ నుంచి లెక్కపెట్టుకోవడం క్షేమం.

తరువాత నోటిఫికేషన్‌లోని షెడ్యూలును, అంటే తీసుకునే భూముల జాబితాను, మీ పాసుపుస్తకంతో, పహాణీ లేదా అడంగల్‌తో పక్కపక్కన పెట్టి వరుస వరుసగా చదవండి. సర్వే నంబరులో సబ్‌డివిజన్ తప్పు పడడం, చనిపోయిన తండ్రి పేరే పట్టాదారుగా కొనసాగడం, బోరు కింద సాగవుతున్న చెలకను మెట్ట అని రాయడం వంటివి చిన్న పొరపాట్లుగా కనిపించినా పరిహారం లెక్కలో అవే పెద్ద నష్టమవుతాయి. బోరు, మోటారు, పైపులైను, పశువుల కొట్టం, ఒక్కొక్క మామిడి చెట్టు తేదీతో సహా ఫోటోల్లోకి ఎక్కాలి. పంచనామా రాసేటప్పుడు దగ్గరుండి లెక్క పెట్టించండి, ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం చేయకండి.

అభ్యంతర పత్రం ఊరందరిదీ ఒకే మూసలో ఉంటే బలం తగ్గుతుంది. 2013 చట్టం మూడు విషయాల మీద అభ్యంతరం చెప్పమంటోంది: తీసుకుంటున్న భూమి విస్తీర్ణం, అనువు; ప్రజా ప్రయోజనం నిజంగా ఉందా అన్నది; సామాజిక ప్రభావ అంచనా నివేదికలోని అంశాలు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సవరణల ప్రకారం కొన్ని ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. మీ ప్రాజెక్టుకు అలాంటి ఉత్తర్వు ఉంటే దాని నకలు రాతపూర్వకంగా అడగండి. “నా భూమి ఇవ్వను” అన్న ఒక్క మాటతో ఆపకుండా, “సర్వే నంబరు ఫలానాలోని 2 ఎకరాల 10 గుంటల్లో బోరు కింద ఏటా రెండు పంటలు తీస్తున్నాము, ఫలానా సర్వే నంబరులో ప్రభుత్వ బీడు ఉండగా దానిని పరిశీలించలేదు” అని రాస్తే అధికారి దానికి జవాబు చెప్పక తప్పదు. చివర వ్యక్తిగత విచారణ కోరుతున్నట్టు స్పష్టంగా రాసి, రెండో ప్రతి మీద ఇన్వార్డు నంబరు, తేదీ, కార్యాలయ ముద్ర వేయించుకునే వరకు అక్కడి నుంచి కదలవద్దు. నోటీసు, విచారణ, కారణాలతో కూడిన నిర్ణయం ఆస్తి హక్కులో భాగమని రాజ్యాంగంలోని 300ఏ అధికరణను వివరిస్తూ 2024 మే 16న సుప్రీంకోర్టు చెప్పింది. ముద్ర ఉన్న ఆ కాగితం లేకుండా ఆ తీర్పు మీకు అక్కరకు రావడం కష్టం.

ప్రైవేటు కంపెనీ కోసమైతే భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందస్తు సమ్మతి ఉండాలన్నది కేంద్ర చట్టంలోని నియమం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ సమ్మతి కావాలి, కాబట్టి అక్కడ తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివించుకున్నాకే వేలిముద్ర వేయాలి.

ఇక నిరసన సంగతి. ర్యాలీకి పోలీసులకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, నిషేధాజ్ఞలు ఉన్నాయేమో కనుక్కోండి, వాలంటీర్లను ముందే నిర్ణయించుకోండి. ప్రజాభిప్రాయ సేకరణను బహిష్కరించడం కంటే అక్కడికి వెళ్లి, ప్రతి మాటా మినిట్స్‌లోకి ఎక్కేలా పట్టుబట్టడమే మేలని నా అభిప్రాయం. 2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లా లగచర్లలో ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన అధికారుల మీద దాడి జరిగింది. ఆ నెలాఖరుకు ఫార్మా పరిశ్రమల కోసం ఇచ్చిన భూసేకరణ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం ఉపసంహరించుకున్నా, అరెస్టయిన గిరిజన కుటుంబాలు జైలు, బెయిలు, వాయిదాల చుట్టూ తిరగవలసి వచ్చింది. భూమి కోసం నిలబడ్డవాళ్లకు అంత బాధ రావడం చూసి మనసు కలుక్కుమంటుంది. చేయి లేవకుండా చూసుకోవడం మన పిల్లలను కాపాడుకోవడమే.

ఇంత చేసినా భూమి పోతే పరిహారం దగ్గర గట్టిగా నిలబడాలి. స్టాంపు విలువ (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం కట్టిన ధర), గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు వంటి వాటిలో ఏది ఎక్కువైతే అదే మార్కెట్ విలువ. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ధర తక్కువగా రాయించుకునే మన అలవాటు ఇక్కడే ఊరందరినీ దెబ్బ తీస్తుంది, కాబట్టి చుట్టుపక్కల ఎక్కువ ధరకు జరిగిన దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్లు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తీసి పెట్టుకోండి. గ్రామీణ ప్రాంతంలో ఆ విలువను 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో పెంచి, చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి 100 శాతం సొలేషియం (ఊరట సొమ్ము) చేరుస్తారు. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతులు, కూలీలు కూడా బాధిత కుటుంబాలే, పునరావాస జాబితాలో వారి పేర్లు రాయించడం భూమి ఉన్నవారి బాధ్యత అని నేను నమ్ముతాను.

డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద “ఈ మొత్తం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని రాయడం మరవకండి. నేరుగా బ్యాంకులో జమ చేస్తారంటే అదే మాటను ముందుగా లేఖగా ఇవ్వండి. అభ్యంతరం తెలపకుండా తీసుకున్నవారికి 2013 చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఎక్కువ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే, ఆ రోజు నుంచి ఆరు వారాల్లోగా అదే చట్టం 64వ సెక్షన్ కింద కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి, దానిని ఆయన 30 రోజుల్లో ఇలాంటి వివాదాలు తేల్చే అథారిటీకి పంపాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.