నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర మా బోరు నీళ్లలో బ్యాక్టీరియా ఎట్టా పోగొట్టానంటే

వానలు తగ్గినాక పిల్లలకి వరసగా విరేచనాలు, అనుమానమొచ్చి హెచ్‌టూఎస్ బాటిల్లో (నీళ్లలో మురుగు బ్యాక్టీరియా ఉంటే నల్లబడే టెస్టు బాటిల్) బోరు నీళ్లు పోసి పెడితే మర్నాటికి మసిలాగా నల్లబడ్డాయి. ల్యాబులో ఈ-కోలి, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా, ఉందన్నారు, తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదది. చూస్తే కేసింగ్ పైపు (బోరు గుంత కూలకుండా దింపిన పైపు) చుట్టూ మట్టి కుంగి మురుగంతా అందులోకే దిగతా ఉండాది. ముందు దాని చుట్టూ సిమెంటు గట్టు పోయించా, ఇది చెయ్యకుండా ఎంత క్లోరిన్ పోసినా దండగే.

తర్వాత బ్లీచింగ్ పౌడర్, కొత్త ప్యాకెట్టే కొనండి, పాతదాన్లో ఘాటు పోయుంటది. బోర్లో నిలిచిన నీళ్లు లెక్కేసి 1000 లీటర్లకి 150 గ్రాముల చొప్పున బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగినాక పైన తేట మాత్రం బోర్లో పోసి, అన్ని కుళాయిల్లో వాసనొచ్చేదాకా మోటారేసి రాత్రంతా వదిలేశా. మా నీళ్ల పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షారం కొలిచే లెక్క) 8 దాటింది, అట్టాంటి నీళ్లలో క్లోరిన్ పదును తగ్గుద్ది, అందుకే అంతసేపు. పొద్దున వాసన పోయేదాకా తోడేసి మళ్లీ టెస్టు చేయిస్తే ఈ-కోలి లేదు, ప్రాణం కుదుటపడింది.

ఉప్పు మాత్రం క్లోరిన్‌తో పోదు, కాచినా పోదు. మా టీడీఎస్ (నీళ్లలో కరిగున్న ఉప్పుల లెక్క) లీటరుకి 2000 మిల్లీగ్రాముల పైనే, తాగడానికి ఆర్వో పెట్టాం, మోటారు ఆగాగి వేస్తున్నాం, ఎడాపెడా తోడితే సముద్రపు నీళ్లు ఇంకా లోపలికొస్తాయి.