ఓడ ఇంజిన్‌లో ఇంధనం మార్చే పద్ధతి

నల్గొండ బంకులో లారీకి పోసే డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటొద్దు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 (వాహనాల పొగపై నిబంధనలు) వచ్చినప్పటి నుంచి ఇదే లెక్క. అదే ఏడాది జనవరి 1 నుంచి ఓడల ఇంధనానికి పెట్టిన పరిమితి 0.50 శాతం, అంటే దీనికి 500 రెట్లు. అంతకుముందైతే 3.50 శాతం. బాల్టిక్, ఉత్తర సముద్రం, 2025 మే నుంచి మధ్యధరా వంటి నియంత్రిత ప్రాంతాల్లో మాత్రం 0.10 శాతం మించకూడదు, అందుకే వాటి సరిహద్దు దాటేలోగా తక్కువ గంధకం ఉన్న ఆయిల్‌కు మారాలి. నల్గొండ, పాలమూరు నుంచి ఇంజిన్‌రూమ్ కొలువుకు పోయే పిల్లలకు ఈ మార్పిడి కచ్చితంగా రావాలి.

వాల్వు తిప్పగానే పాత ఆయిల్ పోదు. మిక్సింగ్ ట్యాంకులో, పైపుల్లో 2 టన్నులు తిరుగుతూ, ఇంజిన్ గంటకు 1 టన్ను కాలుస్తోందనుకోండి. 0.50 శాతం గంధకం ఉన్న ఆయిల్ మీదికి 0.08 శాతం ఉన్న గ్యాస్ ఆయిల్ (డీజిల్ లాంటి పలచని ఇంధనం) వస్తే, కలిసిన ఆయిల్‌లో గంధకం 0.10 శాతానికి దిగాలంటే సుమారు 6 గంటలు పడుతుంది. సరిహద్దు చేరేలోగా ఇది పూర్తి కావాలి కాబట్టి, వెనక్కి లెక్కేసి మొదలుపెట్టండి.

ముందుగా గ్యాస్ ఆయిల్ సర్వీస్ ట్యాంకు అడుగున నీళ్లు తీసేయండి, ఫిల్టర్లు శుభ్రం చేయండి. పాత ఆయిల్ చిక్కటిది, వేడి చేసి వాడతారు; కాబట్టి ఇంజిన్ లోడ్ తగ్గించి, హీటర్‌నూ పైపుల వెంట ఉండే స్టీమ్‌నూ క్రమంగా తగ్గిస్తూ, ఒక ఆయిల్ నుంచి మరోదానికి దారి మార్చే త్రీ-వే వాల్వును తిప్పండి. ఉష్ణోగ్రత నిమిషానికి 2 డిగ్రీలకు మించి పడొద్దు. 120 నుంచి 40కి రావాలంటే 40 నిమిషాలు. ఇక్కడ తొందరపడితే ఫ్యూయల్ పంపులో ఆయిల్‌ను నెట్టే కడ్డీ (ప్లంజర్), అది ఆడే గొట్టం (బ్యారెల్) ఒకే తీరుగా కుంచించుకోవు. వాటి మధ్య సందు కొన్ని మైక్రాన్లే, పట్టేస్తుంది. స్టీమ్ ఆపడం మరిచినా ముప్పే: గ్యాస్ ఆయిల్ వేడికి పలచబడి చిక్కదనం 2 సెంటీస్టోక్స్ కంటే కిందికి పోతుంది, ప్లంజర్‌కు జిడ్డు అందదు, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోవచ్చు.

ఇంజిన్ నుంచి మిగిలిన ఆయిల్ వెనక్కి వచ్చే రిటర్న్ లైన్‌ను గ్యాస్ ఆయిల్ ట్యాంకులోకి తెరవకండి, ఉన్న మంచి ఆయిల్ కూడా చెడుతుంది. రెండు ఆయిళ్లూ పొసగకపోతే మడ్డి తేలి ఫిల్టర్ ప్రెషర్ పెరుగుతుంది. కొద్దికొద్దిగా కలిపి ముందే పరీక్షించుకోవడం మేలు. పలచని ఆయిల్ అరిగిన పంపుల్లో ఎక్కువగా జారుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది. అందుకే హార్బర్‌కు ముందే ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ స్టార్ట్ చేసి చూడాలి.

దీనివల్ల సల్ఫర్ డయాక్సైడ్, దాని నుంచి గాలిలో ఏర్పడే సల్ఫేట్ ధూళి బాగా తగ్గుతాయి. తీరం వెంబడి బతికేవాళ్ల ఊపిరితిత్తులకు నిజమైన ఊరట. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెద్దగా తగ్గవు, అవి ఎక్కువగా మంట వేడికి గాలిలోని నైట్రోజన్ నుంచే పుడతాయి. వాటికి వేరే ఏర్పాట్లు కావాలి.

మార్పిడి ముగిసిన సమయం, ఓడ ఉన్న చోటు, ఒక్కో ట్యాంకులో తక్కువ గంధకం ఆయిల్ ఎంత ఉందో లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే రాయండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగే వాటిలో అదొకటి.