స్మారక నిర్మాణ రూపకల్పన – నాలుగో పాఠం: నీటి మట్టాన్ని రాతిలో చూపడం

గత పాఠంలో మనం స్థలాన్ని ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరుగా నడిచి చూడడం, గాలివాటాన్నీ నీళ్లు పారే దిశనూ రాసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో తొలిసారి పెన్సిలు పట్టుకుంటాం. అభ్యాసానికి 1977 నవంబరు 19న కృష్ణా డెల్టాను ముంచిన దివిసీమ ఉప్పెనను తీసుకుందాం. నాగాయలంక, అవనిగడ్డ, కోడూరు ప్రాంతాల్లో ఒక పల్లె తన మృతుల కోసం కరకట్ట పక్కన చిన్న స్మారకం కట్టుకోదలచిందని, ఆ పని మీకు అప్పగించిందని అనుకోండి.

ఈ అభ్యాసం ఇచ్చినప్పుడు తొలి చిత్తులో సాధారణంగా మూడు బొమ్మలు వస్తాయి: ఎగసిపడుతున్న కాంక్రీటు అల, పైకి చాచిన చేతులు, ఆరని దీపం. ఇవి తప్పని అనను. కానీ ఆ అలను తీసుకెళ్లి ఏ ఊళ్లో నిలబెట్టినా ఒకటే అవుతుంది, ఆ చేతులు ఏ ప్రమాదానికైనా సరిపోతాయి. పక్కన బోర్డు పెట్టి వివరిస్తే తప్ప ఫలానా రోజు, ఫలానా నేల మీద ఏం జరిగిందో ఆ బొమ్మ చెప్పలేదు. అందుకే ఈ పాఠానికి ఒక కట్టుబాటు పెట్టుకుందాం: ప్రతీకను బయటినుంచి తెచ్చి అతికించకుండా, ఆ ఘటనకే చెందిన ఒక కొలతలోంచి తీయాలి.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఇదే కృష్ణ ఒడ్డున అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి ఆయక స్తంభాలను నిలిపారు. అవి బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మప్రవచనం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులని పండితులు వివరిస్తారు. అక్కడ సంఖ్యే కథ చెబుతుంది. మన కాలానికి వస్తే, నార్వే ఉత్తర కొసన వార్డో దీవిలో, పదిహేడో శతాబ్దంలో మంత్రవిద్య నేరం మోపి చంపిన 91 మంది కోసం 2011లో ప్రారంభించిన స్మారకంలో, సముద్రపు ఒడ్డు వెంట సాగే 125 మీటర్ల పొడవైన నడవాకు 91 చిన్న కిటికీలు పెట్టి, ఒక్కో కిటికీ వద్ద ఒక్కో దీపం వేలాడదీశారు. దాని వాస్తుశిల్పి పీటర్ జుమ్‌థర్.

అయితే సంఖ్య మనకు ఇక్కడ ఉపయోగపడదు. తొంభై ఒక్క దీపాలను కన్ను ఒక్కొక్కటిగా పలకరించగలదు గాని, దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే పోయిన దాదాపు పదివేల మందికి పదివేల రాళ్లు పాతితే అది రాళ్ల గుట్టగానే కనబడుతుంది. ఒక్క ఊరికే పరిమితమై పేర్లు చెక్కించడం వేరే సంగతి, అది తప్పక చేయాలి. నిర్మాణ రూపానికి మాత్రం మరో కొలత వెతకాలి. ఆ కొలత నీటి ఎత్తు. ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిందని చెబుతారు.

ఇక్కడే తొందరపడకూడదు. ఉప్పెన ఎత్తును సాధారణంగా సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు గాని, మన కాళ్ల కింది నేల నుంచి కాదు. నేలే సముద్రమట్టానికి మీటరున్నర ఎత్తులో ఉంటే, అక్కడ 5 మీటర్ల స్తంభం నిలబెట్టడం అబద్ధమాడినట్టే. నేల మీద కనిపించాల్సింది మూడున్నర మీటర్లే. పైగా నీరు అన్నిచోట్లా ఒకే ఎత్తున నిలవదు, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల పుస్తకంలోని అంకెను పక్కన పెట్టుకుని, ఆ రాత్రి బతికి బయటపడిన పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఏ గుడి గోడ మీద, ఏ తాటిచెట్టు మీద చూపిస్తారో అడిగి గుర్తు పెట్టుకోవాలి. ముగ్గురు చూపిన గుర్తులు ఒకదానికొకటి జానెడు తేడాలో ఉంటే మీ అదృష్టం. ఆ మట్టాన్ని స్థలందాకా తేవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మేస్త్రీలు పునాది మట్టం చూసుకోవడానికి వాడే నీళ్ల గొట్టం చాలు, గాలి బుడగ లేకుండా నింపితే అది నమ్మకంగా పని చేస్తుంది. అంకె మీద అనుమానం ఉంటే దగ్గరలోని సర్వే ఆఫ్ ఇండియా బెంచిమార్కుతో, అంటే సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో ముందే కొలిచి పెట్టిన గుర్తుతో, సరిచూడండి.

లెక్క సులువు కావడానికి మన స్థలంలో ఈ మట్టం నేలకు 3.5 మీటర్ల పైన తేలిందని, కరకట్ట పొలం కంటే 2 మీటర్లు ఎత్తుందని అనుకుందాం. ఒక్క స్తంభం నిలబెడితే చుట్టూ ఉన్న తాటిచెట్ల మధ్య అది పొట్టి కర్రలా కనబడి ఓడిపోతుంది. నీరంటే నిలువు గీత కాదు, అడ్డగీత. కాబట్టి కరకట్ట నుంచి సముద్రం వైపు సాగే రెండు వరుసల రాతి కంబాలు పాతి, నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా వాటి తలలన్నీ ఒకే మట్టంలో ఆగేలా చూద్దాం. తలల మీద పూర్ణకుంభాలు, తామరలు వద్దు. సమతలంగా కోసి వదిలేయాలి.

ఇప్పుడు ఈ పాఠానికి ఆయువుపట్టయిన సంగతి. చదునైన నేల మీద మన కంటి ఎత్తులో ఉన్నదేదైనా, అది పది మీటర్ల దూరంలో ఉన్నా వంద మీటర్ల దూరంలో ఉన్నా, దిగంతరేఖకు ఆనుకునే కనబడుతుంది. కరకట్ట మీద నిలబడ్డ మనిషి కన్ను పొలానికి దాదాపు 3.5 మీటర్ల పైన ఉంటుంది, అంటే సరిగ్గా నీటి మట్టంలో. అక్కడి నుంచి చూస్తే కంబాల తలలన్నీ, దూరంగా ఆకాశం నేలను తాకేచోటుతో కలిసి ఒకే గీతగా కనబడతాయి. మెట్లు దిగుతూ ఒక్కో అడుగు వేసేకొద్దీ ఆ గీత దిగంతం నుంచి విడివడి, నుదురు దాటి, తల దాటి పైకి పోతుంది. కింద నిలబడేసరికి మనం నీటి అడుగున ఉంటాం. ఇందులో ఎక్కడా అల బొమ్మ లేదని గమనించండి. మీ కరకట్ట ఎత్తు వేరుగా ఉంటే, మెట్ల మీద ఆ గీత కంటికి సరిగ్గా ఆనే చోట ఒక వెడల్పాటి మెట్టు కట్టి మనిషిని కాసేపు ఆపండి.

కిందికి దిగాక వరుసల మధ్య ఎంత ఎడం ఉండాలి? కంటికి పైన ఉన్న ఎత్తును కొలబద్దగా తీసుకోవాలి, మన లెక్కలో అది 2 మీటర్లు. అంతకు మూడింతల దూరంలో, అంటే 6 మీటర్ల దగ్గర, చూపు 18 డిగ్రీలే పైకి లేస్తుంది. కంబం చుట్టూ ఉన్న చెట్లు, ఆకాశంతో కలిసి కనబడుతుంది. రెండింతల దూరంలో, 27 డిగ్రీల వద్ద, కంబమొక్కటే చూపును ఆక్రమిస్తుంది. దూరం ఎత్తుతో సమానమైతే 45 డిగ్రీలు, తల ఎత్తక తప్పదు. మనకు కావలసింది ఈ చివరిదే కనుక దారి వెడల్పు 4 మీటర్లు పెడదాం. నడిమధ్యన నడిచే మనిషికి ఇరువైపులా కంబాలు 2 మీటర్ల దూరంలో ఉంటాయి.

నీడను కూడా వాడవచ్చు. దివిసీమ అక్షాంశంలో నవంబరు 19న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిశలో సుమారు 54.5 డిగ్రీల ఎత్తున ఉంటాడు, 3.5 మీటర్ల కంబం నీడ ఉత్తరంగా 2.5 మీటర్లు పడుతుంది. ఆ మిట్టమధ్యాహ్నం గడియారంలో పన్నెండు కాదు, 11:52 ప్రాంతం. నీడ కొస తాకేచోట పేర్లు చెక్కిన పలక పరవచ్చు. అయితే అదే నీడ జనవరి 23 ప్రాంతంలోనూ అక్కడే పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా నవంబరంటే బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం, సంస్మరణ రోజున ఎండ కాస్తుందన్న హామీ లేదు. కాబట్టి నీడను అదనంగానే ఉంచుకోండి, దాని మీద రూపమంతా ఆధారపడకూడదు. పలక మీద అక్షరాలు 2.5 సెంటీమీటర్లుంటే మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవవచ్చు.

పదార్థం గురించి క్లుప్తంగా. ఉప్పుగాలి, ఉప్పునీటి నేల కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టించి, పెచ్చులు ఊడేలా చేస్తాయి. అందువల్ల నల్లరాయే మేలు. 40 సెంటీమీటర్ల చదరపు కంబం పైన 3.5, లోపల 1.2 మీటర్లు ఉంటే దాదాపు 2 టన్నులు తూగుతుంది. డెల్టాలో రాయి దొరకదు, దూరం నుంచి లారీలో తెచ్చి క్రేనుతో నిలపాలి. మెత్తటి ఒండ్రు నేలలో అంత బరువు కుంగకుండా, ఒరగకుండా ఉండాలంటే పునాదిని ఇంజనీరు చేత లెక్క కట్టించండి. తలలు అంగుళం తప్పినా మన గీత చెడిపోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ ఊరి చెరువుగట్టు దగ్గర, ఎప్పుడైనా వరద నీరు నిలిచిన మట్టాన్ని పెద్దల చేత అడిగి తెలుసుకోండి. ఎనిమిది వెదురు బొంగులు రెండు వరుసలుగా పాతి, నీళ్ల గొట్టంతో ఆ మట్టం చూసి, బొంగుల మీదుగా తెల్ల తాడు లాగి కట్టండి. గట్టు మీది నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి ఫొటో తీసి, 1:50 కొలతలో అడ్డుకోత (స్థలాన్ని నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టుండే బొమ్మ) గీసి, అందులో మనిషి బొమ్మ తప్పకుండా వేయండి. తాడును వారం రోజులు అలాగే ఉంచి, దారిన పోయేవాళ్లకు మీరేమీ వివరించకుండా, వాళ్లు అదేమిటని అనుకుంటున్నారో రాసుకోండి. ఆ మాటలతోనే ఐదో పాఠం మొదలుపెడదాం.