ఎడిటర్‌లో జావా లాంగ్వేజ్ సర్వర్‌ను సరిగ్గా నడిపించడం ఎలా?

జావా ఫైలు తెరిస్తే అక్షరాలకు రంగులొస్తాయి, కానీ ఆబ్జెక్ట్ పేరు పక్కన చుక్క పెడితే మెథడ్ల జాబితా రాదు. ఒకవేళ వచ్చినా ఇంపోర్ట్ లైన్లన్నిటి కిందా ఎర్ర గీతలు ఉంటాయి. అదే ప్రాజెక్టు టెర్మినల్‌లో మేవెన్ అనే బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాదు. వీఎస్ కోడ్‌లో జావా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఈ దశలోనే విసిగిపోయి, ‘ఈ ఎడిటర్ జావాకు పనికిరాదు’ అని తేల్చేస్తారు. నిజానికి ఆ ఎర్ర గీతల్లో ఎడిటర్ తప్పు చాలా తక్కువ. సూచనలిచ్చేది వెనక నడిచే లాంగ్వేజ్ సర్వర్ అనే ప్రోగ్రామ్, దానికి మీ ప్రాజెక్టు గురించి తెలిసేది బిల్డ్ ఫైలు ద్వారానే. అది అందకపోయినా, ఏ జేడీకే (కంపైలర్‌తో సహా వచ్చే జావా కిట్) దేనికి వాడాలో చెప్పకపోయినా సర్వర్‌కు దారి తెలియదు. ఈ రెండూ సరిచేస్తే మిగతావి దాదాపు వాటంతట అవే కుదురుకుంటాయి.

తెర వెనక ఏముంది

ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాయాల్సి వచ్చేది. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాక ఆ అవసరం తప్పింది. భాష తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి విడి ప్రాసెస్‌గా నడుస్తుంది, ఎడిటర్ దానికి జేసన్ సందేశాలు పంపుతుంది. ‘ఈ ఫైల్లో 40వ లైన్లో కర్సర్ ఉంది, ఈ పేరు ఎక్కడ డిక్లేర్ అయింది?’ అని ఎడిటర్ అడిగితే ఫైలు పేరు, లైను సంఖ్య సర్వర్ చెబుతుంది. అందుకే ఒకే సర్వర్ వీఎస్ కోడ్‌కూ నియోవిమ్‌కూ ఈమాక్స్‌కూ పనికొస్తుంది.

జావాకు ఎక్కువమంది వాడేది ఎక్లిప్స్ జేడీటీ లాంగ్వేజ్ సర్వర్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎక్లిప్స్‌తో జావా నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్తదేమీ కాదు. ఎక్లిప్స్ లోపలి ఇంజన్‌నే కిటికీలూ బటన్లూ లేకుండా సర్వర్‌గా మలిచారు. ఇందులో ఉండే కంపైలర్ కూడా ఎక్లిప్స్ వాళ్లదే, జేడీకేతో వచ్చే జావాక్ కాదు. దీనివల్ల ఒక మేలుంది. ఒక మెథడ్‌లో తప్పున్నా మిగతా క్లాసును కంపైల్ చేసి జాబితాలు చూపిస్తూనే ఉంటుంది. ఇబ్బంది కూడా ఒకటుంది. జెనరిక్స్ బాగా మెలికలు తిరిగిన కోడ్‌లో అరుదుగా ఈ రెండు కంపైలర్లకూ మాట కలవదు. అలాంటప్పుడు జావాక్ మాటనే లెక్కలోకి తీసుకోండి, మీ బిల్డ్ జరిగేది దానితోనే.

1. ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి

వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి ‘ఎక్స్‌టెన్షన్ ప్యాక్ ఫర్ జావా’ అని వెతకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఈ ప్యాక్‌లో రెడ్ హ్యాట్ వారి జావా ఎక్స్‌టెన్షన్‌తో పాటు డీబగ్గర్, టెస్ట్ రన్నర్, మేవెన్, గ్రేడిల్ (ఇంకో బిల్డ్ టూల్) సహాయకాలు వస్తాయి. లాంగ్వేజ్ సర్వర్ ఉండేది రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్ లోపల. డీబగ్గింగ్ అక్కర్లేదనుకుంటే అదొక్కటే పెట్టుకున్నా చాలు.

2023లో ఒరాకిల్ కూడా వీఎస్ కోడ్‌కు తన జావా ఎక్స్‌టెన్షన్ తెచ్చింది. దాని వెనక ఉన్నది నెట్‌బీన్స్ అనే మరో జావా ఎడిటర్ నుంచి వచ్చిన సర్వర్. రెండిట్లో ఏది వాడినా ఫర్వాలేదు, రెండూ ఒకేసారి మాత్రం ఆన్‌లో ఉంచొద్దు. ఒకే తప్పుకు రెండేసి ఎర్రర్లు, ఒకే మెథడ్‌కు రెండేసి సూచనలు వచ్చి గందరగోళమవుతుంది.

2. ఫైలు కాదు, ఫోల్డర్ తెరవండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం ఇబ్బందులు ఇక్కడే పుడతాయి. ఫైల్ మేనేజర్‌లో ఒక జావా ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, అది ఏ ప్రాజెక్టుకు చెందిందో సర్వర్‌కు తెలిసే దారి లేదు. ‘ఇది నాన్-ప్రాజెక్ట్ ఫైలు, సింటాక్స్ ఎర్రర్లు మాత్రమే చూపిస్తాను’ అన్న హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది.

ఫైల్ మెనూలో ‘ఓపెన్ ఫోల్డర్’ నొక్కి, మేవెన్ వారి పామ్ ఫైలు (pom.xml) గానీ గ్రేడిల్ బిల్డ్ ఫైలు గానీ ఉన్న ఫోల్డర్‌ను ఎంచుకోండి. దాని లోపలి ‘ఎస్‌ఆర్‌సీ’ ఫోల్డర్‌ను తెరవకండి. అలా చేస్తే బిల్డ్ ఫైలు సర్వర్ కంటపడదు, పైగా ప్యాకేజీ పేరు ఫోల్డర్ పేరుతో కలవడం లేదన్న ఎర్రర్లు వరసకట్టి వస్తాయి. చాలా మాడ్యూళ్లున్న ప్రాజెక్టయితే అన్నిటికీ పైనున్న పేరెంట్ ఫోల్డర్ తెరవాలి.

ఫోల్డర్ తెరవగానే అందులోని ఫైళ్లు రాసినవాళ్లను నమ్ముతారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది. చూడకుండా ‘అవును’ నొక్కొద్దు. గ్రేడిల్ బిల్డ్ ఫైలు ఒట్టి సెట్టింగుల జాబితా కాదు, అది నడిచే ప్రోగ్రామ్. సర్వర్ ప్రాజెక్టును దిగుమతి చేసుకునేటప్పుడు అది మీ కంప్యూటర్‌లో నిజంగానే నడుస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల కోడ్ అయితే ముందు ఆ బిల్డ్ ఫైలు చదవండి. నమ్మకం ఇవ్వనంతవరకు పూర్తి దిగుమతి జరగదని కూడా గుర్తుంచుకోండి. మీ సొంత ప్రాజెక్టులోనే సూచనలు రావడం లేదంటే, పొరపాటున ‘వద్దు’ నొక్కి ఉండవచ్చు.

3. దిగుమతి అయ్యేదాకా ఆగండి

మొదటిసారి తెరిచినప్పుడు సర్వర్ బిల్డ్ ఫైలు చదివి, లైబ్రరీలను నెట్ నుంచి దించుకుని, కోడ్ మొత్తాన్నీ ఇండెక్స్ చేస్తుంది. పెద్ద ప్రాజెక్టుకు దీనికి చాలా నిమిషాలు పట్టొచ్చు. కింద స్టేటస్ బార్‌లో ‘జావా: రెడీ’ అని కనిపించేదాకా ఎర్ర గీతలను పట్టించుకోనక్కర్లేదు.

అక్కడ ‘లైట్‌వెయిట్ మోడ్’ అని ఉంటే అర్థం వేరు. ఆ మోడ్‌లో సర్వర్ మీ సోర్స్ ఫైళ్లనూ జేడీకేనూ మాత్రమే చూస్తుంది, బయటి లైబ్రరీల జోలికి పోదు. కోడ్ చదువుకోవడానికి అది సరిపోతుంది. రాయాలంటే మాత్రం ఆ మాట మీదే క్లిక్ చేసి స్టాండర్డ్ మోడ్‌కు మారాలి.

ఆఫీసు నెట్‌వర్క్‌లో ప్రాక్సీ ఉంటే లైబ్రరీలు దిగకపోవచ్చు. ముందు టెర్మినల్‌లో మేవెన్ బిల్డ్ నడిపి చూడండి. అక్కడే దిగకపోతే సర్వర్‌కూ దిగవు. మేవెన్ సెట్టింగ్స్ ఫైల్లో ప్రాక్సీ వివరాలు సరిచేసి, ఆ తర్వాత ఎడిటర్‌కు రండి.

4. రెండు జేడీకేలను వేరుచేయండి

మిగతావి పైపైన చదివినా ఈ ఒక్క భాగం నిదానంగా చదవండి.

లాంగ్వేజ్ సర్వర్ కూడా జావా ప్రోగ్రామే. అది నడవడానికి ఒక జావా కావాలి. ఇప్పటి వెర్షన్లకు కనీసం జావా 21 ఉండాలి. మీ ప్రాజెక్టుకు కావలసిన జావా ఇంకొకటి. బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్ల ప్రాజెక్టు ఇంకా జావా 8లోనే ఉండవచ్చు. ఈ రెండిటికీ సంబంధం లేదు. సర్వర్ 21 మీద నడుస్తూనే మీ కోడ్‌ను 8 నియమాల ప్రకారం పరీక్షించగలదు. ఈ సంగతి తెలియక ‘సర్వర్ 21 అడుగుతోంది, మా ప్రాజెక్టు 8, కాబట్టి కుదరదు’ అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు.

మొదటిదాని గురించి వీఎస్ కోడ్‌లో మీరు పెద్దగా చేయాల్సింది లేదు. విండోస్, మ్యాక్, లినక్స్‌లకు వచ్చే రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్‌లో సర్వర్‌కు సరిపడా జావా లోపలే ఉంటుంది.

రెండోదాన్ని మీరే చెప్పాలి. సెట్టింగ్స్‌లో ‘జావా కాన్ఫిగరేషన్ రన్‌టైమ్స్’ అని వెతికి, జేసన్ ఫైల్లో మార్చే లింకు నొక్కండి. మీ కంప్యూటర్‌లో ఉన్న ప్రతి జేడీకేకూ అక్కడ ఒక పేరు, ఒక పాత్ ఇవ్వాలి. పేరు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టే వీలు లేదు. ‘జావాఎస్‌ఈ’, హైఫన్, వెర్షన్ సంఖ్య కలిపి (JavaSE-17 లాగా) రాయాలి. 11, 17, 21 లాంటివాటికి ఆ సంఖ్యే సరిపోతుంది, 8కి మాత్రం 1.8 అని రాయాలి. అక్కడ ఒట్టి 8 వేస్తే సర్వర్ గుర్తుపట్టదు. పాత్‌గా జేడీకే ప్రధాన ఫోల్డర్‌నే ఇవ్వాలి, దాని లోపలి ‘బిన్’ ఫోల్డర్‌ను కాదు. బిల్డ్ ఫైలు లేని విడి ఫైళ్లకు ఏది వాడాలో చెప్పడానికి ఒకదానికి ‘డిఫాల్ట్’ ట్రూ అని పెట్టండి.

ఈ జాబితాలోంచి ఏ ప్రాజెక్టుకు ఏది తీసుకోవాలో సర్వర్ బిల్డ్ ఫైలు చూసి నిర్ణయిస్తుంది. అందుకే అక్కడ జావా వెర్షన్ స్పష్టంగా రాసి ఉండాలి. మేవెన్‌లో కంపైలర్ రిలీజ్ ప్రాపర్టీకి 17 అనో 21 అనో ఇస్తే సరిపోతుంది. జావా 8కి మాత్రం సోర్స్, టార్గెట్ రెండిటికీ 1.8 ఇవ్వండి. ఏమీ రాయకపోతే మేవెన్ కంపైలర్ ప్లగిన్ పాత వెర్షన్లు జావా 5 అనుకునేవి. మీ దగ్గర జేడీకే 21 ఉన్నా ‘లాంబ్డాలు 1.8 నుంచే అనుమతి’ అని ఎడిటర్ మొండికేసిందంటే కారణం చాలాసార్లు ఇదే.

గ్రేడిల్ వాడేవాళ్లకు మూడో జావా కూడా ఉంటుంది, గ్రేడిల్ తాను నడవడానికి వాడేది. జావా 17 మీద నడవాలంటే గ్రేడిల్ 7.3, జావా 21 మీద నడవాలంటే 8.5 కావాలి. పాత ప్రాజెక్టులో గ్రేడిల్ 6 ఉండి దిగుమతి విఫలమైతే రెండు దారులున్నాయి. ప్రాజెక్టు ఏ గ్రేడిల్ వాడాలో చెప్పే ర్యాపర్ ప్రాపర్టీస్ ఫైల్లో గ్రేడిల్ వెర్షన్ పెంచడం మంచిది. టీమ్ ఒప్పుకోకపోతే ‘జావా ఇంపోర్ట్ గ్రేడిల్ జావా హోమ్’ సెట్టింగ్‌లో పాత జేడీకే పాత్ ఇవ్వండి.

5. కనిపించని కోడ్

గెటర్లూ సెటర్లూ లాంటి కోడ్‌ను కంపైల్ సమయంలో తానే చేర్చే లైబ్రరీ లాంబాక్. దాన్ని వాడే ప్రాజెక్టుల్లో అవి ఫైల్లో కనిపించవు. రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్‌కు లాంబాక్ మద్దతు లోపలే ఉంది, డిపెండెన్సీల్లో లాంబాక్ ఉంటే చాలు. ప్రోటోబఫ్, ఓపెన్‌ఏపీఐ లాంటివి బిల్డ్ సమయంలో క్లాసులను పుట్టిస్తాయి. బిల్డ్ జరగనంతవరకు ఆ క్లాసులు లేనట్టే కాబట్టి, ప్రాజెక్టును కొత్తగా క్లోన్ చేసినప్పుడు టెర్మినల్‌లో ఒకసారి కంపైల్ చేయండి. తర్వాత కమాండ్ ప్యాలెట్‌లో ‘జావా: రీలోడ్ ప్రాజెక్ట్స్’ ఇవ్వండి.

ఇంకా మొరాయిస్తే

గిట్‌లో బ్రాంచ్ మారాక లేదా బిల్డ్ ఫైల్లో పెద్ద మార్పులు చేశాక సర్వర్ పాత ఇండెక్స్‌నే పట్టుకుని ఉండవచ్చు. కమాండ్ ప్యాలెట్ తెరిచి ‘జావా: క్లీన్ జావా లాంగ్వేజ్ సర్వర్ వర్క్‌స్పేస్’ ఎంచుకోండి. ఇది మీ కోడ్‌ను ముట్టుకోదు. సర్వర్ తన కోసం దాచుకున్న సమాచారాన్ని తుడిచేసి మళ్లీ మొదటి నుంచి దిగుమతి చేస్తుంది. ప్రతి చిన్న ఎర్రర్‌కూ ఇదే చేస్తే ప్రతిసారీ ఆ నిమిషాలన్నీ పోతాయి. ముందు రీలోడ్ చేసి చూడండి.

దానికీ లొంగకపోతే ‘జావా: ఓపెన్ ఆల్ లాగ్ ఫైల్స్’ ఇచ్చి లాగ్ చదవండి. అది పొడుగ్గా ఉంటుంది కానీ అసలు కారణం చాలాసార్లు మామూలు భాషలోనే రాసి ఉంటుంది: ఫలానా లైబ్రరీ దొరకలేదు, ఫలానా గ్రేడిల్ వెర్షన్ సరిపోలేదు, మెమరీ చాలలేదు.

మెమరీ సంగతే అయితే ‘జావా జేడీటీ ఎల్ఎస్ వీఎం ఆర్గ్స్’ సెట్టింగ్‌లో గరిష్ఠ హీప్ (సర్వర్ వాడుకోగల మెమరీ) పరిమితి పెంచవచ్చు. మాడ్యూళ్లు చాలా ఉన్న ప్రాజెక్టుకు 4 జీబీ ఇవ్వడం సబబే. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో బ్రౌజర్, డేటాబేస్ కూడా నడుస్తుంటే అంత ఇవ్వకండి, సర్వర్ ఊపిరి తీసుకుంటుంది కానీ మిగతావి ఆగిపోతాయి. అలాంటప్పుడు పేరెంట్ ఫోల్డర్‌కు బదులు మీరు పనిచేసే ఒక్క మాడ్యూల్‌నే తెరవడం మేలు.

వీఎస్ కోడ్ కాకపోతే

ఈమాక్స్ 29 నుంచి లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్ లోపలే వస్తోంది. జేడీటీ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి దాని కమాండ్‌ను పాత్‌లో ఉంచితే, జావా ఫైల్లో ఎగ్లాట్‌ను మొదలుపెట్టడమే మిగిలిన పని. హీలిక్స్ అనే ఎడిటర్ కూడా ఈ సర్వర్‌ను అడక్కుండానే వెతుక్కుంటుంది. ఇక్కడ మీకోసం జావాను లోపల పెట్టి ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి, జావా 21ను మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సర్వర్‌ను మొదలుపెట్టే స్క్రిప్టుకు పైథాన్ కూడా కావాలి. లాంబాక్ వాడితే దాని జార్ ఫైలును జావా ఏజెంట్‌గా సర్వర్‌కు అందించడం కూడా మీ పనే.

నియోవిమ్‌లో మామూలు ఎల్‌ఎస్‌పీ (లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్) అమరికతో కూడా సర్వర్ నడుస్తుంది, కానీ నేను సిఫారసు చేసేది నియోవిమ్ జేడీటీఎల్‌ఎస్ అనే ప్రత్యేక ప్లగిన్‌ను. ఒక లైబ్రరీ మెథడ్ మీద కర్సర్ పెట్టి దాని నిర్వచనానికి వెళ్లమంటే ఆ క్లాసు జార్ ఫైలు లోపల ఉంటుంది. దాన్ని చూపించడానికి సర్వర్ తనదైన ఒక ప్రత్యేక చిరునామా పంపుతుంది. అది ప్రోటోకాల్‌లో లేనిది కాబట్టి, ప్రత్యేకంగా నేర్పితే తప్ప ఎడిటర్‌కు తెరవడం తెలియదు. ఆ ప్లగిన్‌కు తెలుసు. లైబ్రరీల లోపలికి వెళ్లి చదవకుండా స్ప్రింగ్ లాంటి పెద్ద ఫ్రేమ్‌వర్క్‌ను అర్థం చేసుకోవడం కష్టం కనుక ఈ సౌకర్యాన్ని వదులుకోవద్దంటాను.

ఈ ప్లగిన్‌తో పనిచేసేటప్పుడు డేటా ఫోల్డర్ సంగతి మరవకండి. సర్వర్ తన ఇండెక్స్‌ను దాచుకునే చోటు అది, ప్రతి ప్రాజెక్టుకూ వేరుగా ఉండాలి. రెండు ప్రాజెక్టులకు ఒకే చోటు ఇస్తే ఒకదాని క్లాసులు ఇంకొకదాని సూచనల్లో తేలుతాయి. ప్రాజెక్టు ఫోల్డర్ పేరును డేటా ఫోల్డర్ పేరులో కలిపేలా రాసుకుంటే సరిపోతుంది. ఒకే పేరుతో రెండు చోట్ల క్లోన్లు ఉంటే మాత్రం పూర్తి పాత్‌ను వాడండి. ఆ డేటా ఫోల్డర్‌ను ప్రాజెక్టు లోపల కాకుండా హోమ్ ఫోల్డర్ కింద క్యాష్ ఉండే చోట పెట్టండి, గిట్‌లోకి పొరపాటున చేరదు.