వరద వస్తే పిల్లిని బుట్టలోకి ఎలా ఎక్కించాలి?

మన రాయలసీమ కరువు సీమ, వరదలతో మనకేం పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది రాజంపేట వైపు ఊళ్ల మీద పడింది. ఆ మరుసటి ఏడు అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కాబట్టి ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే వానాకాలానికి ముందే సిద్ధం కావాలి.

సామాన్ల సంగతి తేలికే. మూడు రోజుల తిండి, నీళ్లు, ఒక గిన్నె, వాడే మందులు, టీకా కార్డు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి తలుపు దగ్గర తగిలించండి. జంతువు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. కుక్కకు మెడపట్టీ కాదు, ఛాతీ చుట్టూ వేసే బెల్టే కొనండి. భయపడి వెనక్కి గుంజితే మెడపట్టీ తలమీంచి జారిపోతుంది. పునరావాస కేంద్రాల్లో కుక్కల్ని రానివ్వకపోవచ్చు. ఎత్తు మీద మిద్దె ఉన్న చుట్టాలెవరినైనా ఇప్పుడే అడిగిపెట్టుకోండి.

అసలు కష్టం పిల్లితోనే. అందరూ ఇక్కడే పాడు చేస్తారు.

దయచేసి గోనెసంచిలో కుక్కకండి. సంచి తడిస్తే ముక్కుకు అంటుకుని ఊపిరాడదు. చంకలో పెట్టుకుని పరుగెత్తడమూ వద్దు. ఒక్క ఉరుముకే భుజం గీరి దూకేస్తుంది, మళ్లీ దొరకదు. గట్టి ప్లాస్టిక్ బుట్టే కావాలి, అదీ పైనుంచి తెరుచుకునేది. జిప్పు బ్యాగులు చూడ్డానికి బాగుంటాయి గానీ పిల్లి తలతో పొడిస్తే జిప్పు విడిపోతుంది. బుట్ట కొనలేకపోతే చిల్లులున్న బట్టల బుట్టలు రెండు, ఒకే సైజువి, మూతికి మూతి పెట్టి తాడుతో బిగించండి. అదీ పనిచేస్తుంది.

తెచ్చిన బుట్టను అటక మీద పెట్టకండి. పిల్లి పడుకునే చోటే, మూత తీసి, అడుగున మీ పాత చీర ముక్క వేసి ఉంచండి. మొదట తిండి గిన్నె బుట్ట పక్కన పెట్టండి, తర్వాత లోపల. నిదానంగా లోపల తినడం అలవాటయ్యాక ఒక క్షణం మూత వేసి వెంటనే తీయండి. అరిచిందంటే మీరు తొందరపడ్డట్టే, ఒక మెట్టు వెనక్కి రండి. ఆ తర్వాతే బుట్ట ఎత్తి ఇంట్లో నాలుగడుగులు నడవడం, ఆపైన ఆటోలో వీధి చివరి దాకా తీసుకెళ్లడం. దీనికి వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

అలవాటు చేయకముందే నీళ్లొస్తే? ముందు కిటికీలు, తలుపులు మూసేయండి. మంచం కింద దూరిన పిల్లిని బయటికి లాగలేం, కాబట్టి ఆ సందు ముందే మూసి ఉంచాలి. బుట్టను మూత పైకి ఉండేలా పెట్టి తెరిచి ఉంచండి. మందపాటి టవల్ వెనకనుంచి కప్పి, ముఖం ఒక్కటే బయట ఉండేలా చుట్టి, వెనక కాళ్లు ముందు దిగేలా లోపలికి దించండి. తల ముందు పెడితే నాలుగు కాళ్లూ అంచుకు తన్నిపెట్టి నిలబడుతుంది. పిల్లలకు ఈ పని చెప్పకండి. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధార కింద కడిగి, రేబిస్ టీకాకు ఆసుపత్రికి వెళ్లండి.

ఆవులు, మేకలు ఉంటే మీరు కదిలే ముందు పలుపు విప్పేయండి, కొట్టం తలుపు తెరిచి పెట్టండి. కట్టి ఉన్న పశువు ఈదలేదు. పశువుల అంబులెన్సుకు 1962కు ఫోన్ చేయొచ్చు.

తిరిగి వచ్చాక కుక్కను బురదలో వదలకండి. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకూ సోకుతుంది. పిల్లిని మాత్రం ఒక గదిలో, బుట్ట మూత తీసి, కొన్నాళ్లు లోపలే ఉంచండి. ఇంటి వాసన మారిపోయి ఉంటుంది, వెంటనే వదిలితే దారి తప్పుతుంది.