స్పాంజిలో కొత్త రసాయనాల వేట – 4వ పాఠం: దొరికింది కొత్తదేనా?

పోయిన పాఠంలో స్పాంజి (సముద్రంలో బతికే ప్రాణి) ముక్కల్ని మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆ సారాన్ని భాగాలుగా విడదీశాం. వాటిలో ఒక సీసా కేన్సర్ కణాల మీద పనిచేసిందనుకోండి. వెంటనే శుద్ధి మొదలుపెట్టాలని చేతులు దురదపెడతాయి. ఆగండి. అది ఇదివరకే ఎవరో కనిపెట్టిన పదార్థమేమో ముందు తేల్చుకోవాలి. దీన్నే డీరెప్లికేషన్ అంటారు. ఈ వేటలో అన్నిటికన్నా ముందు పట్టుబడాల్సిన నేర్పు ఇదేనని నా నమ్మకం.

ఎందుకంటే సరుకు అంత అరుదు. జపాన్‌లో హిరాటా, ఉయెమురా అనే శాస్త్రవేత్తలు 1986లో ప్రకటించిన హాలికాండ్రిన్ బి అనే పదార్థం సంగతే చూడండి. 600 కిలోల స్పాంజి నుంచి 12.5 మిల్లీగ్రాములు వచ్చింది. (దాని నమూనాలోనే తయారైన ఎరిబులిన్‌కు 2010లో అమెరికాలో రొమ్ము కేన్సర్ మందుగా అనుమతి దొరికింది.) తెలిసినదాన్నే మళ్లీ తీయడానికి అన్ని ప్రాణుల్ని సముద్రంలోంచి పెరికితే నా మనసు ఒప్పుకోదు.

ఇక మాస్ స్పెక్ట్రం (అణువుల బరువుల్ని పీకులుగా, అంటే నిలువు గీతలుగా చూపే గ్రాఫ్) తెరవండి. అన్నిటికన్నా ఎత్తైన పీక్ దగ్గరే ఆగిపోకుండా దాని పక్కన ఏముందో చూడండి. రెండు యూనిట్ల దూరంలో దాదాపు అంతే ఎత్తున ఇంకో పీక్ ఉంటే అణువులో ఒక బ్రోమిన్ ఉన్నట్టే. ప్రకృతిలో బ్రోమిన్ 79, 81 ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న రూపాలు) ఇంచుమించు సమానంగా ఉంటాయి మరి. మూడు పీకులు 1:2:1 ఎత్తుల్లో ఉంటే రెండు బ్రోమిన్లు. అప్లైసినా జాతి స్పాంజిల్లో ఇవి తరచూ కనిపిస్తాయి; ఏరోప్లైసినిన్-1 అనే పదార్థం అలాంటిదే. రెండో పీక్ మొదటిదాంట్లో మూడో వంతే ఉంటే అది క్లోరిన్.

తర్వాత ఆ మాస్‌తో కోకోనట్, మారిన్‌లిట్ లాంటి సహజ రసాయనాల డేటాబేసుల్లో వెతకండి. వెతుకులాటను మీ స్పాంజి జాతికే పరిమితం చేయొద్దు. చాలా పదార్థాల్ని తయారుచేసేది స్పాంజి కాదు, దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా. అందుకే ఏ సంబంధమూ లేని రెండు స్పాంజిల్లో ఒకే అణువు దొరకొచ్చు.

391 దగ్గర పీక్ కనిపిస్తే మాత్రం సంబరపడకండి. నేను మూడు వారాలు దాని వెంటపడ్డాను. చివరికి అది ప్లాస్టిక్ గొట్టాల్లోంచి ఊరిన థాలేట్ (ప్లాస్టిక్‌ని మెత్తగా చేయడానికి కలిపే రసాయనం) అని తేలింది. ఆ రోజు నుంచి ఖాళీ ద్రావకాన్ని కూడా మెషిన్‌లో నడిపి పక్కన పెట్టుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

అభ్యాసం: 412, 414 దగ్గర సమానమైన పీకులు, 434, 436 దగ్గర మరో జంట. రెండు జంటల మధ్య తేడా 22, అంటే ప్రోటాన్ బదులు సోడియం అతుక్కుంది. అసలు అణువు మాస్ ఎంత? బ్రోమిన్లు ఎన్ని? నైట్రోజన్ల సంఖ్య సరా, బేసా? కాగితం మీద రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఎన్‌ఎమ్‌ఆర్ (అణువు నిర్మాణాన్ని తేల్చే పరీక్ష) మొదలుపెట్టేది ఈ జవాబుతోనే.