ఆ జీతంతో అక్కడ ఇల్లు గడుస్తుందా?

విదేశీ ఆఫర్ రాగానే ఎవరైనా ముందు ఆ అంకెను ఇక్కడి డబ్బుల్లోకి మార్చి చూసుకుంటారు. వద్దంటే వినరు కాబట్టి నేనూ వద్దనను. మార్చుకోండి, ఓ పూట సంతోషపడండి, తర్వాత ఆ కాగితం పక్కన పెట్టేయండి. సంపాదనా ఖర్చూ రెండూ అక్కడి డబ్బులోనే జరుగుతాయి. ఇక్కడి డబ్బుల్లోకి మార్చాల్సింది నెలాఖరుకు మిగిలేదాన్ని మాత్రమే, అదీ ఏమైనా మిగిలితే.

నేను చాలాకాలం ఒక కంపెనీ జీతాల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. చుట్టాల పిల్లల్లో ఎవరికి బయటి దేశం నుంచి ఆఫర్ వచ్చినా ‘పిన్నీ, ఒకసారి చూసి చెప్పవా’ అంటూ ఆ లెటర్ నా ఫోన్‌కి చేరుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను చెప్పేది పెద్దగా ఉండదు. ఒక గదిలో సర్దుకుంటారు, కష్టమైతే ఇంకొకరితో పంచుకుంటారు. సంసారంతో వెళ్లేవాళ్ల సంగతి వేరు. కంపెనీ జీతం కట్టేది ఒక మనిషి పనికి. ఆ మనిషితో పాటు విమానం ఎక్కేవాళ్లు ఎంతమందో జీతం నిర్ణయించినవాళ్లకు పట్టదు. లెటర్‌లో రాసి ఉంటే తప్ప వాళ్ల ఖర్చంతా మీదే.

ముందు నెలకు ఎంతో తేల్చుకోండి

ఏడాది జీతాన్ని పన్నెండుతో భాగిస్తే సరిపోతుందనుకుంటారు. అన్నిచోట్లా అలా కుదరదు. ఆస్ట్రియాలో పద్నాలుగు జీతాల పద్ధతి ఉంది. ఏడాదిలో రెండుసార్లు అదనపు జీతం వస్తుంది గానీ, ఆ మేరకు మామూలు నెలలో చేతికొచ్చేది తగ్గుతుంది. అద్దె మాత్రం ప్రతి నెలా ఒకటే. ఆస్ట్రేలియా ఆఫర్‌లో ‘సూపర్‌తో కలిపి’ అని ఉందా, ‘సూపర్ అదనం’ అని ఉందా చూడండి. సూపర్ అంటే రిటైర్మెంట్ నిధి, 2025 జూలై నుంచి అది 12 శాతం. ‘కలిపి’ అని ఉంటే ఆ ముక్క మీ బ్యాంకు ఖాతాలోకి రాదు. స్విట్జర్లాండ్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఆరోగ్య బీమా జీతంలోంచి కట్ కాదు, అందుకే చేతికొచ్చేది ఘనంగా కనిపిస్తుంది. ఆ ప్రీమియం ఇంట్లో ఒక్కొక్కరికీ, పసిపిల్లతో సహా, మీరే విడిగా కట్టుకోవాలి.

యూఏఈ ఆఫర్‌లో జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు, నిజమే. కానీ బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం, ఎంతో చూడకుండా సంతకం పెట్టకండి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే కడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ‘మొత్తం ప్యాకేజీ ఒకటే కదా, బేసిక్ ఎంతయితేనేం’ అని హెచ్‌ఆర్ వాళ్లు తేలిగ్గా అంటారు. నేనూ ఆ కుర్చీకి దగ్గర్లోనే కూర్చున్నదాన్ని. బేసిక్ తగ్గిస్తే మిగిలేది కంపెనీకే.

బోనస్, షేర్లు లాంటివి నెల లెక్కలో సున్నా కింద రాయండి. వస్తే మంచిదే.

కటింగులు పోను ఎంత

ఇక్కడ మా అక్క కొడుకు లెక్కే చెబుతాను. 2025లో అతనికి జర్మనీ నుంచి ఆఫర్ వచ్చింది, ఏడాదికి 60,000 యూరోలు. తను, భార్య, ఒక పాప. నెలకు 5,000 యూరోలంటే ఇల్లంతా సంబరం. గ్రాస్ (కటింగులకు ముందు జీతం) వేస్తే నెట్ (చేతికొచ్చేది) చూపించే కాలిక్యులేటర్లు ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ ఉన్నాయి. అందులో వేస్తే చేతికి సుమారు 3,500 అని వచ్చింది. అది కూడా మూడో పన్ను తరగతిలో వేస్తేనే. పెళ్లయి, సంపాదన ఒకరిదే అయినవాళ్లకు ఆ తరగతి లాభం. అయితే భార్య కూడా అక్కడికి వెళ్లి అడ్రస్ నమోదు చేసుకున్నాకే అది వర్తిస్తుంది. అబ్బాయి ముందు వెళ్లి, భార్యాపిల్లలు వీసా వచ్చాక కదిలితే, అప్పటిదాకా అతనిది మొదటి తరగతే. చేతికి సుమారు 3,150. పైగా ఆ నెలల్లోనే ఇక్కడొక ఇల్లు, అక్కడొక ఇల్లు నడపాలి.

జర్మనీలో కలిసొచ్చేవి కూడా ఉన్నాయి. ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమాలో చేరితే సంపాదన లేని భార్య, పిల్లలు అదే ప్రీమియంలో వచ్చేస్తారు. పిల్లల భృతి 2025లో ఒక్కొక్కరికి నెలకు 255 యూరోలు. దరఖాస్తు పెట్టాక రావడానికి సమయం పడుతుంది, కాబట్టి మొదటి నెలల లెక్కలో దాన్ని వేయకండి. ఇది చూసి అన్ని దేశాల్లోనూ ఇలాగే ఇస్తారనుకోవద్దు. బ్రిటన్‌లో ఉద్యోగ వీసా మీద వెళ్లినవాళ్లకు పిల్లల భృతి అందదు. అమెరికాలో బీమా ప్రీమియం ఉద్యోగి ఒక్కడికి ఒక రేటు, కుటుంబానికి ఒక రేటు. ఆఫర్ ఇచ్చిన కంపెనీని కుటుంబానికి నెలకు ఎంత కట్ అవుతుందో, బీమా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టేలోగా ఏడాదిలో మనం ముందు ఎంత భరించాలో అడగండి. ఈ రెండు అంకెలు తెలియకుండా అమెరికా జీతం బాగుందో లేదో నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు.

రెండో జీతాన్ని లెక్కలో వేయకండి

‘తనకూ అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే పిన్నీ’ అనే మాట నాకు చాలాసార్లు వినిపిస్తుంది. దొరకొచ్చు. ముందు పనిచేసే హక్కు ఉందా అని చూడాలి. అమెరికాలో ఎల్-1 వీసా (కంపెనీ తన అక్కడి శాఖకు బదిలీ చేసేది) మీద వెళ్లేవాళ్ల జీవిత భాగస్వామి పనిచేసుకోవచ్చు. హెచ్-1బీ మీద వెళ్తే అలా కాదు, గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే తప్ప హెచ్-4 వీసా మీద వెంట వెళ్లే జీవిత భాగస్వామికి పని అనుమతి రాదు. సింగపూర్‌లో 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ (ఉద్యోగి భార్యాపిల్లలకు ఇచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లు పనిచేయాలంటే సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. ఆ డిపెండెంట్ పాస్ ఇప్పించడానికే సంపాదించే మనిషికి నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఉండాలి. జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో ఉద్యోగి వీసాతో వెళ్లే జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు ఉంటుంది. హక్కు ఉన్నచోట కూడా మొదటి ఏడాదికి నేను ఆ జీతం సున్నా అనే రాస్తాను. భాష నేర్చుకోవాలి, టీచర్లూ నర్సులూ అయితే డిగ్రీకి గుర్తింపు తెచ్చుకోవాలి, పిల్లను ఎక్కడ వదలాలో చూసుకోవాలి.

ఇంకో మాట. ఇక్కడ వదిలేసుకునే ఆ రెండో జీతాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. అది కూడా ఖర్చే, రాయండి.

అద్దె, బడి

అద్దెకు ఖర్చుల పట్టికలు చూపించే సైట్లు నమ్ముకోవద్దు. అవి జనం తోచినట్టు నింపిన అంకెల సగటు. నేరుగా అద్దె ప్రకటనలు చూడండి. జర్మనీకి ఇమ్మోస్కౌట్, బ్రిటన్‌కు రైట్‌మూవ్, దుబాయ్‌కి బయూత్, సింగపూర్‌కు ప్రాపర్టీగురు. ఆఫీసుకు గంటలోపు చేరగలిగే చోట, మీ కుటుంబానికి సరిపడే ఇళ్లు ఒక పది చూసి, వాటిలో చవకవి కాకుండా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. జర్మనీ ప్రకటనల్లో ‘కాల్ట్’ అని ఉంటే ఉత్త అద్దె, ‘వార్మ్’ అంటే హీటింగ్, నిర్వహణ కలిసినది. కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు అందులోనూ ఉండవు. కొన్ని ఇళ్లలో వంటగది సామాను కూడా ఉండదు, సింకుతో సహా మీరే పెట్టించుకోవాలి. బ్రిటన్‌లో కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి స్థానిక ఇంటి పన్ను, అద్దెకున్నవాళ్ల నెత్తినే పడుతుంది.

నెట్ జీతంలో అద్దె మూడో వంతు లోపు ఉంటే నాకు దిగులు లేదు. నలభై శాతం దాటితే మిగతా అంకెలన్నీ చాలా గట్టిగా ఉండాలి. సగానికి చేరితే ఆ ఊరికి ఆ జీతం చాలదు. మీరు సర్దుకుందామన్నా ఇంటి యజమానులు ఒప్పుకోకపోవచ్చు. న్యూయార్క్‌లో నెల అద్దెకు నలభై రెట్లు ఏడాది ఆదాయం ఉండాలని చాలామంది అడుగుతారు.

బడి విషయానికి వస్తే తేడా చాలా పెద్దది. అమెరికా, బ్రిటన్, జర్మనీలలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు, అక్కడ ఖర్చంతా బడి ఈడు రాని పిల్లలదే. డే కేర్ ఫీజు ఎంతో ఆ ఊళ్లో ఉన్నవాళ్లని అడిగి తెలుసుకోండి, కొన్నిచోట్ల అది అద్దెకు పోటీ వస్తుంది. గల్ఫ్‌లో ప్రవాసుల పిల్లలు చాలావరకు ప్రైవేటు బళ్లలోనే చదువుతారు. ఇద్దరు పిల్లలుండి, ఆఫర్‌లో స్కూల్ అలవెన్స్ లేకపోతే పన్ను లేదన్న లాభం అక్కడికక్కడే కరిగిపోతుంది. సింగపూర్‌లో ప్రభుత్వ బడులు కూడా విదేశీ పిల్లలకు ఎక్కువ ఫీజు వేస్తాయి.

మొదటి జీతం రాకముందే పోయే డబ్బు

నెల లెక్క బాగున్నా జనం ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. బ్రిటన్ సంగతి చూడండి. వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) ముందే కట్టాలి, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లకూ ఒకేసారి. పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ల వీసా అయితే 10,866 పౌండ్లు. వీసా ఫీజులు వేరే. చాలా కంపెనీలు ఉద్యోగిది మాత్రమే కట్టి ఊరుకుంటాయి, ‘వీసా ఖర్చు మాదే’ అన్న మాటలో మీ భార్యాపిల్లలు ఉన్నారో లేదో అడిగి తెలుసుకోవాలి.

తర్వాత ఇంటి అడ్వాన్సు. జర్మనీలో చట్టప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకు మించి అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో ఇవ్వొచ్చు. దుబాయ్‌లో ఏడాది అద్దెను కొద్దిపాటి చెక్కులుగా ముందే రాసివ్వడం మామూలు, చెక్కులు తగ్గేకొద్దీ మొదటి రోజు పోయే డబ్బు పెరుగుతుంది. వీటికి టికెట్లు, సొంత ఇల్లు దొరికేదాకా ఉండే చోటు, మంచాలూ పరుపులూ కలపండి. అంతా కూడి, దాని మీద మూడు నెలల ఇంటి ఖర్చు వేయండి. ఆ డబ్బు చేతిలో ఉందా? అప్పు చేసి తేవాల్సి వస్తే ఆ వాయిదాను కూడా నెల ఖర్చులో వేసి మళ్లీ చూడండి. మూడు నెలలు ఎందుకంటే ఉద్యోగం పోతే వీసా కూడా కదులుతుంది. అమెరికాలో హెచ్-1బీ వాళ్లకు సాధారణంగా దొరికే గడువు 60 రోజులు.

మా వాడి లెక్క

నెట్ 3,500, పాప భృతి 255, కలిపి 3,755. వార్మ్ అద్దె 1,600. కిండర్‌గార్టెన్‌కు 300 వేసుకున్నాడు. ఇద్దరికీ నెలవారీ రవాణా టికెట్ 2025 ధర ప్రకారం 58 చొప్పున 116. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు, ప్రతి ఇంటికీ తప్పనిసరి అయిన ప్రసార రుసుము 18.36, అన్నీ కలిపి 200 దాకా. తిండీ ఇంటి సామానూ 800. ఇక్కడ తీర్చాల్సిన లోన్ 400. ఏడాదికోసారి ముగ్గురూ వచ్చిపోయే టికెట్లకు నెలకు 200 పక్కన పెట్టాలి, ఇది మాత్రం అతను రాయలేదు, నేను రాయించాను. మిగిలింది 139. బట్టలు, పంటి డాక్టరు, పాత వాషింగ్ మెషీన్ ఇంకా లెక్కలోకి రానే లేదు.

అన్నీ పోను నెట్‌లో పదో వంతు మిగలకపోతే ఆ ఆఫర్‌ను యథాతథంగా ఒప్పుకోవద్దని నేనంటాను. పదో వంతు ఎందుకంటే ఏ దేశంలో అయినా మొదటి ఏడాది మనం అనుకోని ఖర్చులు అంతకు తక్కువ ఉండవు. మా వాడి దగ్గర నాలుగు శాతం కూడా లేదు.

జీతం పెంచమంటే కంపెనీ కుదరదంది. రెండు నెలల బస, కుటుంబం టికెట్లు, వీసా ఖర్చు ఇస్తామంది. అతను మెత్తబడ్డాడు. నేను ఒప్పుకోలేదు, అవన్నీ ఒక్కసారి వచ్చేవి, లోటు ప్రతి నెలా ఉంటుంది. ఆఖరికి ఆరు నెలల ప్రొబేషన్ అయ్యాక జీతం ఎంతకు పెరుగుతుందో అంకెతో సహా రాయించుకుని వెళ్లాడు.

కంపెనీని అడగాల్సినవి

మొహమాటపడకండి, జీతాల సెక్షన్‌కు ఇవి రోజూ వచ్చే ప్రశ్నలే. వీసా, బీమా, టికెట్లు ఎంతమందికి? మధ్యలో మానేస్తే రిలొకేషన్ డబ్బు, అంటే తరలి వెళ్లడానికి కంపెనీ ఇచ్చేది, తిరిగివ్వాలా, ఎన్ని నెలల్లోపు, మొత్తమా లేక తగ్గుతూ వస్తుందా? ఆ డబ్బు మీద పన్ను ఎవరిది? అమెరికాలో కంపెనీ ఇచ్చే తరలింపు డబ్బును జీతంగానే చూసి పన్ను వేస్తారు, బ్రిటన్‌లో అర్హమైన ఖర్చుల్లో 8,000 పౌండ్ల వరకు మినహాయింపు ఉంది. నెదర్లాండ్స్ అయితే బయటి దేశం నుంచి వచ్చే ఉద్యోగులకు ఇచ్చే పన్ను రాయితీకి కంపెనీ దరఖాస్తు పెడుతుందా, రాయితీ లేకుండా నెట్ ఎంత అని రెండూ అడగండి. అది గరిష్ఠంగా ఐదేళ్లే, పైగా జీతంలో పన్ను పడని భాగం ఇప్పుడు 30 శాతం దాకా ఉంటే, 2027 నుంచి 27కు దిగుతుంది.

జవాబులు ఫోన్‌లో చెబుతామంటే వినండి. ఫోన్ పెట్టేశాక మీరే ఒక మెయిల్ రాయండి, ‘ఇందాక మీరు చెప్పినవి ఇవీ, వీటిని ఆఫర్ లెటర్‌లో చేర్చి పంపండి’ అని. మార్చిన లెటర్ చేతికొచ్చి, వీసా పడ్డాక ఇక్కడ రాజీనామా ఇవ్వండి.